బావగారి ఐదు సెకన్లు

మా బావగారు ఈ లోకంలో చేసిన ఆఖరి పని, ఒక పళ్ల డాక్టరుని ఉత్త చేతులతో వెనక్కి పంపడం.

డాక్టరు తన రికార్డు ప్లేయరుని బాగుచెయ్యమని ఇచ్చి అప్పటికి పదకొండు నెలలు. ఆ మధ్యాహ్నం క్లినిక్కు మూసి, భోజనానికి కూడా వెళ్లకుండా నేరుగా వచ్చాడు. నేను బావగారి వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను కనక అంతా నా చెవిన పడింది. మిషన్ బల్ల మీద ఉంది, పళ్లెం తిరుగుతోంది. పళ్లెం అంచున వరసగా చుక్కలుంటాయి, వాటి మీద చిన్న ఎర్రదీపం పడుతుంది. వేగం సరిగ్గా ఉంటే, పళ్లెం తిరుగుతున్నా చుక్కలు మాత్రం కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. బావగారు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఆ చుక్కల్ని పోలీసులా చూస్తున్నారు.

"కదులుతున్నాయి," అన్నారు.

"నాకేం కదులుతున్నట్టు లేదండీ," అన్నాడు డాక్టరు.

"రెండు నిమిషాలకి ఒక చుక్క దూరం జరుగుతున్నాయి."

"రెండు నిమిషాలకి ఒక చుక్కంటే ఎవరికి తెలుస్తుంది సార్? నాకైతే తెలీదు."

"నా వెనక పన్ను పుచ్చిందని మీరన్నప్పుడు నాకు కనిపించిందా? నోరు తెరుచుకుని కూర్చోలేదూ? ఇంకో వారం ఆగండి."

డాక్టరు నోరు మూసుకుని వెళ్లిపోయాడు. బావగారు మిషన్ ఆపి, పాత తువ్వాలు కప్పి, దాని మీద 'ముట్టుకోవద్దు' అని రాసిన అట్టముక్క పెట్టారు. ఆ ఇంట్లో ఆయన తప్ప దాన్ని ముట్టుకునే ప్రాణి లేదు. తరవాత, "పది నిమిషాలు నడుం వాలుస్తాను, మరదలా" అని లోపలికి వెళ్లారు. కాలం విషయంలో సెకను తేడా రానివ్వని మనిషి, ఆ పది నిమిషాల దగ్గర మాత్రం మాట తప్పారు.

మూడో రోజు డాక్టరు పరామర్శకి వచ్చాడు. ఎలా జరిగిందో అడిగి తెలుసుకున్నాడు. మధ్య మధ్య ఆ తువ్వాలు వైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

బావగారు ముప్ఫై ఒక్క ఏళ్లు లిఫ్టు మెకానిక్కుగా పనిచేశారు. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు లోపలి నేల, బయటి నేల ఒకే మట్టాన ఉండాలన్నది ఆయన మతం. రెండు మిల్లీమీటర్ల తేడాకి తట్టుకుని పడేవాడు మనిషేనా అని మిగతా మెకానిక్కులు నవ్వేవారట. పడేవాడు మనిషే, అందుకే చెప్తున్నాను అనేవారట ఈయన. రిటైరయ్యాక కూడా ఏ భవనానికి తీసుకెళ్లినా ముందు లిఫ్టు గుమ్మం వైపు చూసి, చావుకబురు విన్నవాడిలా తల అడ్డంగా ఊపి, మెట్లెక్కి వచ్చేవారు. మా అక్క మోకాళ్లు అరిగింది వయసు వల్ల కాదని నా నమ్మకం.

ఆయన రిటైరైన ఏడాదే అక్క పోయింది. మగవాళ్లు అలాంటప్పుడు ఏదో ఒకటి పట్టుకుంటారు. కొందరు భక్తిని, కొందరు పొద్దున్నే నడకని, కొందరు కోడలి వంటలో ఉప్పుని. మా బావగారికి పిల్లల్లేరు కనక కోడలి సౌకర్యం లేదు. ఆయన రికార్డు ప్లేయర్లు పట్టుకున్నారు. తను ఒకప్పుడు పనిచేసిన ఆఫీసు భవనంలో, లిఫ్టు మోటారు గదిలో ఎవరో పారేసిన మిషన్ ఒకటి దొరికితే, దాన్ని పసిపిల్లని మోసినట్టు దుప్పట్లో చుట్టి మోసుకొచ్చారు. అదే మొదలు.

అన్ని రకాల ప్లేయర్లకీ ఆ ఇంట్లో ప్రవేశం లేదు. రబ్బరు బెల్టుతో తిరిగేవి గడప తొక్కకూడదు. "మోటారు ఒక మూల, పళ్లెం ఇంకో మూల, మధ్యలో జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు. అది యంత్రమా, ఆటబొమ్మా?" అనేవారు. ఆయనకి కావలసింది డైరెక్ట్ డ్రైవ్. అంటే మోటారు పళ్లెం కిందే ఉంటుంది, రెండింటికీ ఒకటే ఇరుసు, మధ్యవర్తి ఉండడు. మధ్యవర్తుల్ని ఆయన ఎక్కడా సహించలేదు. ఆ ఇల్లు కొనేటప్పుడు బ్రోకరుని పక్కకి నెట్టి, ఇంటివాళ్ల గోడకి తనే మట్టపు బద్ద పెట్టి చూసిన మనిషి.

ముందు గదిలో సోఫా బాల్కనీలోకి పోయింది. వచ్చినవాళ్లు నిలబడే మాట్లాడాలి. సోఫా స్థానంలో లిఫ్టు తలుపు రేకుతో చేసిన బల్ల, దాని మీద సోల్డరింగ్ కడ్డీ, అక్క తాలూకు పోపులపెట్టె. పోపులపెట్టెలో ఆవాల గిన్నెలో చిన్న స్క్రూలు, మినప్పప్పు గిన్నెలో పెద్దవి. ఒక మిషన్ విప్పితే, వయసుకి ఉబ్బిపోయిన కెపాసిటర్లు డజన్ల కొద్దీ తీసి కొత్తవి వేసేవారు. ఇరుసు గుంటలో నూనె ముప్ఫై నలభై ఏళ్లకి బంకగా మారి ఉంటుంది. దాన్ని దూది పుల్లలతో రెండు రోజులు తుడిచి, ఇంజెక్షను సూదితో కొత్త నూనె ఒక్క చుక్క వేసేవారు. రెండో చుక్క వేసేవాణ్ణి ఆయన నేరస్థుల్లో జమకట్టేవారు. రికార్డు మీద సూదిని ఆనించే లోహపు చేతిలోంచి వెళ్లే తీగలు తలవెంట్రుక కంటే సన్నం. అవి అతికేటప్పుడు నన్ను ఊపిరి కూడా పీల్చనిచ్చేవారు కాదు.

బాగుచేసి ఊరుకుంటే బావగారు ఎందుకవుతారు? తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లకి తట్టనివన్నీ మా బావగారి ముందు గదిలో తట్టాలి. గడియారాల్లో ఉండే క్వార్ట్జ్ ముక్క పెట్టి, మోటారు వేగాన్ని దానికి కట్టేసే చిన్న బోర్డు ఒకటి తనే తయారుచేశారు. అది బిగించాక వేగం తప్పమన్నా తప్పదు. అంతా అయ్యాక, సర్దుబాటు స్క్రూల మీద గోళ్ల రంగు ఒక్కో బొట్టు పెట్టేవారు. దాని అర్థం ఇది: సరిగ్గా ఉంది, ఇక ఎవరూ వేలు పెట్టక్కర్లేదు. ఆ రంగు సీసా అక్కది. ముదురు ఎరుపు. ఆవిడ దాన్ని జీవితంలో రెండుసార్లు వేసుకుంది. మిగతాదంతా మోటార్లు వేసుకున్నాయి.

మా ఊళ్లో రేడియోలు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. అతనికి బావగారు పెట్టిన పేరు హడావిడి. అతను చేసిన తప్పల్లా, ఇచ్చిన మిషన్ని అదే వారంలో తిరిగి ఇచ్చెయ్యడం.

ఇక నా మిషన్ సంగతి. అది మా నాన్నది, డైరెక్ట్ డ్రైవే, కనక దానికి గడప దాటే అర్హత ఉంది. దానితో పాటు నా దగ్గర ఒక రికార్డు ఉంది. పెళ్లికి ముందు అక్క షార్ట్‌హ్యాండ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేది. విద్యార్థులు ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి వాళ్లు ఒక రికార్డు వేశారు. అందులో డిక్టేషను చెప్పేది అక్క. వేరే ఇళ్లలో పోయినవాళ్ల గొంతు మిగిలితే పాటగానో, మురిపెంగానో మిగులుతుంది. మాకు ఇలా మిగిలింది: "అయ్యా, తమరి లేఖ అందినది. తమరు కోరిన ఇరవై నాలుగు ఇనుప బీరువాలను సకాలములో పంపలేకపోయినందులకు మిక్కిలి చింతించుచున్నాము." అలా నిమిషానికి అరవై మాటల చొప్పున చింతించి, చివర అంటుంది: "మూడు నిమిషాలు పూర్తయినవి. కలము క్రింద పెట్టండి."

అక్క పోయాక ప్రతి ఆదివారం పొద్దున అది పెట్టుకుని వినేదాన్ని. కొంచెం బరువుగా, నిద్రలోంచి అప్పుడే లేచినట్టుండే గొంతు. బీరువాలు రానందుకు నిజంగానే బాధపడుతున్నట్టుండేది. బావగారిని రమ్మంటే వచ్చేవారు కాదు. "బీరువాల సంగతి నాకెందుకు?" అనేవారు.

ఒకసారి మిషన్ బొంయ్‌మని మోత మొదలుపెట్టింది. తీసుకెళ్లి ఇచ్చాను. రికార్డు కూడా ఇచ్చి వెళ్లమన్నారు, సరిచూసుకోవడానికి. "మరదలివని వరసలో ముందుకి తోసుకురాకు," అని ముందే హెచ్చరించారు. పద్నాలుగు నెలలు పట్టింది. నేను ప్రతి నెలా అడిగేదాన్ని, ఆయన ప్రతి నెలా ఏదో ఒక ముక్క పట్టకారుతో ఎత్తి చూపించి, ఇదే నీ గుండెకాయ అనేవారు. చివరికి ఒక రోజు పిలిచి, బల్ల ముందు నిలబెట్టి, నా చేతే మీట నొక్కించారు. చుక్కలు బొమ్మల్లా నిలబడ్డాయి. సూది దిగింది. అక్క మొదలుపెట్టింది.

సన్నటి గొంతు పిల్లెవరో, బస్సుకి టైమైపోతున్నట్టు, బీరువాల గురించి చకచకా చెప్పేస్తోంది.

"ఇదెవరు?" అన్నాను.

"మీ అక్క."

"మా అక్క కాదు."

బావగారు జేబులోంచి స్టాప్‌వాచీ తీశారు. చొక్కా గుండీ అయినా లేకుండా ఉండేవారు గానీ అది లేకుండా ఉండేవారు కాదు. "నువ్వు తెచ్చిన రోజు, విప్పకముందు కొలిచాను. ఈ డిక్టేషను మూడు నిమిషాల ఐదు సెకన్లు పట్టింది. ఇప్పుడు సరిగ్గా మూడు నిమిషాలు. మూడు నిమిషాలు పూర్తయినవని మీ అక్కే చెప్తోందిగా. ఇన్నేళ్లూ నీ మిషన్ నెమ్మదిగా తిరిగి ఐదు సెకన్లు అబద్ధమాడింది."

"ఆడితే ఆడనివ్వండి. మా అక్క గొంతు నాకు తెలీదా?"

"అది ఇరవై రెండేళ్ల పిల్ల గొంతు. ఆ తరవాత ఆవిడకి అరవై వచ్చాయని రికార్డుకి తెలీదు. ఆ గొంతు విని పెళ్లి చేసుకున్నవాణ్ణి, నాకు చెప్తావేంటి?"

"మీరు చేసుకోకముందు పదిహేనేళ్లు ఆ గొంతుతో తిట్లు తిన్నదాన్ని. మీకంటే సీనియర్ని."

"నువ్వు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతావు. అచ్చుతప్పు కనబడితే, చదివేవాళ్లకి అలవాటైపోయిందిలే అని వదిలేస్తావా?"

జవాబు లేనప్పుడు చెయ్యవలసిందే చేశాను, ఏడ్చాను.

"పాతదానిలా చేసివ్వండి బావా."

"తప్పుగా తిరగడానికి నేను మిషన్లు బాగుచెయ్యను. ఆరు నెలలు విను. చెవి అలవాటు పడుతుంది."

"మీ సరైన వేగంలో మా అక్క లేదు," అన్నాను. మిషన్ ఆటోలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. వాళ్లింటి మూడు అంతస్తులూ దిగి ఆటో దాకా ఆయనే మోశారు, లిఫ్టు ఎక్కకుండా.

నాలుగు నెలలు ఆ ఇంటికి వెళ్లలేదు. అంతకుముందు రోజూ మధ్యాహ్నం వెళ్లి, ఇంత కూర పెట్టి, ఆ గదిలో నాలుగు చీవాట్లు తిని వచ్చేదాన్ని. అది మానేశాను. రికార్డు బీరువాలో పెట్టాను, బీరువాలకి సంబంధించినదేగా. ఒకటి రెండు సార్లు వేసి చూశాను. ఆ బస్సు పిల్లే మాట్లాడింది. ఉన్న ఒక్క అక్కా రెండోసారి పోయిందనీ, ఈసారి చంపిన మనిషి స్టాప్‌వాచీతో సహా దొరికిపోయాడనీ అనుకున్నాను. అప్పట్లో నాకు బాగా కోపంగా ఉండేది.

ఒక ఉదయం బావగారు వచ్చి తలుపు కొట్టారు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం, చేతిలో దుప్పటి.

"ఎర్తు వైరు సరిగ్గా అతకలేదని, మళ్లీ మోత వస్తోందని అనుమానంగా ఉంది. తీసుకెళ్లి చూస్తాను."

"నేను అసలు పెట్టడమే లేదు. మోత వస్తోందని మీకెవరు చెప్పారు?"

"నాకు తెలుసు."

"మీకు తెలియనిదేముంది లెండి."

"రికార్డు కూడా ఇవ్వు," అన్నారు. బీరువాలోంచి తీసిచ్చాను. దాన్ని మిషన్‌తో కలిపి చుట్టకుండా, విడిగా చంకలో పెట్టుకున్నారు.

తొమ్మిది రోజుల్లో తిరిగి తెచ్చారు. ఆయన చరిత్రలో తొమ్మిది రోజుల్లో గడప దాటిన మిషన్ అదొక్కటే. నాలుగు నెలల అలక ఆ మాత్రం పనిచేసిందని మురిసిపోయాను. మీట నొక్కితే పళ్లెం తిరిగింది గానీ ఎర్రదీపం వెలగలేదు.

"దీపమేది?"

"బల్బు పోయింది. ఆ సైజు ఇప్పుడు దొరకడం లేదు."

"మీకు దొరకనిదా?"

"వినడానికి చెవులున్నాయిగా. చుక్కలతో నీకేం పని?"

వచ్చిన ప్రతివాణ్ణీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి చుక్కలు చూపించిన మనిషి అన్న మాట ఇది. మరదలంటే ఎంత చులకనో అనుకున్నాను. "ఇప్పుడే పెట్టకు, ఆదివారం పెట్టుకో," అని, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఆదివారం పెట్టాను. మొదటి మాటకే కొంచెం నయమనిపించింది. రెండో వారానికి ఇంకా నయం. నెల తిరిగేసరికి ఆ బస్సు పిల్ల లేదు. అక్కే, బరువుగా, బీరువాలు రానందుకు నిజంగా బాధపడుతూ. చెవులు అలవాటు పడతాయని ఆయన చెప్పినట్టే జరిగింది. ఓడిపోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలీదు.

మర్నాడే కూర గిన్నెతో వెళ్లి ఒప్పుకున్నాను. "మీరన్నదే నిజం బావా. అలవాటైపోయింది. ఇప్పుడు మా అక్కలాగే ఉంది."

గెలుపుకి ఆయన ఏం చేస్తారో అని సిద్ధపడి వెళ్లాను. కనీసం ఆరు నెలలు దెప్పుతారనుకున్నాను. బల్ల కింద ఏదో స్క్రూ పడిందని వంగి, చాలా సేపు వెతికి, అక్కణ్ణించే "ఊఁ" అన్నారు.

ఆ తరవాత నుంచి ఆయన తరఫున ప్రచారం నేనే చేశాను. వేగం సరిచేశాక పాటగాడి గొంతు మారిపోయిందని ఎవరైనా గునిస్తే, వంటింట్లోంచి వచ్చి సాక్ష్యం చెప్పేదాన్ని. నేనూ అలాగే ఏడ్చానండీ, నెల రోజులు ఓపిక పట్టండి, చెవి దారిలోకొస్తుంది అని. పళ్ల డాక్టరుకి కూడా చెప్పాను. నేను అలా చెప్తున్నంతసేపూ బావగారు మిషన్ వెనక తల దాచుకుని, "సరేలే, ఇక ఆపు" అనేవారు. అరవై ఆరేళ్ల వయసులో మనిషికి వినయం వచ్చిందని నేను ఆశ్చర్యపోయాను. కూరలో రెండు ముక్కలు ఎక్కువ వేశాను కూడా.

ఆయన పోయిన నెలకి, ముందు గదిలో మిగిలిన పదకొండు మిషన్లనీ ఎవరివి వాళ్లకి చేర్చాలి కనక హడావిడిని పిలిచాను. బావగారు ఉండగా ఆ గుమ్మంలోకి రానివ్వని మనిషి. చెప్పులు బయట విడిచి, ఒక మిషన్ తిరగేసి అడుగు రేకు విప్పి చూశాడు. "ఇంత నీట్‌గా ఎవరు చేస్తారండీ ఈ రోజుల్లో," అన్నాడు. డాక్టరు మిషన్ అరగంటలో చూసేసి, "ఇందులో ఏమీ లేదు మేడమ్, బాగానే ఉంది, ఇచ్చెయ్యండి," అన్నాడు. డాక్టరు ఆ సాయంత్రమే వచ్చి, దాన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకుని వెళ్లాడు.

హడావిడి వెళ్లబోతుంటే, మా ఇంట్లో ఒక మిషన్‌కి బల్బు పోయింది, దొరికితే వేస్తారా అని అడిగాను. మర్నాడు బల్బుతోనే వచ్చాడు. ఆ సైజు తన కొట్లో డబ్బా నిండా ఉన్నాయట. మిషన్ తిరగేసి, కింద రేకు విప్పి, తల గోక్కున్నాడు.

"బల్బు పోలేదు మేడమ్. వైరు విప్పి, కొసకి తొడుగు వేసి, పక్కకి కట్టేశారు. ఎవరో కావాలనే చేశారు."

"ఎవరో ఏమిటి, ఆయనే."

"ఇంకోటి. క్వార్ట్జ్ బోర్డు ఉంది లోపల. ఆయన సొంతంగా చేసిందే. చాలా బాగుంది. కానీ దాని తీగలు కూడా విప్పేసి ఉన్నాయి. మిషన్ పాత సర్క్యూటు మీదే నడుస్తోంది." టార్చి దగ్గరగా పెట్టాడు. "స్పీడు స్క్రూ కూడా తిప్పారు. తిప్పి, పైన గోళ్ల రంగు పెట్టారు."

వంగి చూశాను. ముదురు ఎరుపు, ఒక్క బొట్టు, అంచులు చెదరకుండా.

అతను బల్బు వైరు అతికి మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. చుక్కలు నిలబడలేదు. ఒకదాని వెనక ఒకటి, తీరిగ్గా వెనక్కి నడుస్తున్నాయి.

"స్లోగా తిరుగుతోంది," అన్నాడు హడావిడి. "ఐదు నిమిషాల పని. సరిచెయ్యనా?"

వద్దన్నాను. అతను వెళ్లాక రికార్డు పెట్టి, బావగారి స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నాను. అక్క ఇరవై నాలుగు బీరువాల గురించి చింతించింది, మూడు నిమిషాలు పూర్తయినవంది, కలము క్రింద పెట్టండంది. వాచీ నొక్కి చూశాను.

మూడు నిమిషాల ఐదు సెకన్లు.